మీరూ ఆమేన్ అన్నారు

ఇచ్చిన గడువు ఆ గురువారంతో తీరిపోయింది.

సరిగ్గా వారం కిందట, చర్చి వెనక మేడమీద ఉన్న కౌన్సెలింగ్ గదిలో కూర్చుని, స్కూలు బస్సు డ్రైవరు ఎన్నాళ్లుగానో దాచుకున్న సంగతి బయటపెట్టాడు. పద్దెనిమిదో ఏటి నుంచి అతనికి ఫిట్స్ ఉన్నాయి. పదకొండేళ్లుగా రోజుకు రెండు మాత్రలతో అవి అణిగి ఉన్నాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల కిందట చర్చిలో మూడు రోజుల ఉపవాస కూడికలు జరిగినప్పుడు పాస్టర్‌గారు అతని తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. స్వస్థత కలిగిందని నమ్మి ఆ వారమే మాత్రలు మానేశాడు. ఆ తర్వాత కూడా రోజూ బస్సు నడిపాడు. ఏమీ కాలేదు. బడికి సెలవులిచ్చాక ఒకరోజు షెడ్డులో బస్సు కడుగుతూ ఉన్నవాడు, కళ్లు తెరిచేసరికి నేల మీద పడి ఉన్నాడు. పక్కన పైపులోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. నాలుక తెగి నోరంతా ఉప్పగా ఉంది.

“కాలు జారిందక్కా,” అన్నాడు ముందు కౌన్సెలర్‌తో. కాసేపాగి “సాతాను శోధన” అన్నాడు.

మొదటిరోజున అతను సంతకం చేసిన కాగితంలో, ఈ గదిలో మాట ఈ గది దాటదని ఉంది. ఎవరి ప్రాణానికైనా అపాయముంటే తప్ప, అని దాని కిందే ఇంకో వాక్యం కూడా ఉంది. కౌన్సెలర్ ఆ రెండో వాక్యాన్ని వేలితో చూపించి, శుక్రవారం బడి తెరిచేలోపల డాక్టర్ని కలవమనీ, ప్రిన్సిపాల్‌గారికి తనంతట తనే చెప్పమనీ అడిగింది. చెప్పకపోతే తను చెప్పక తప్పదంది. ఇంకొక్క మాట మాత్రం అనలేకపోయింది. అది అతనికి తెలిసిందే. ఆ బస్సులో డ్రైవరు వెనక రెండో సీటులో కూర్చునే ఎనిమిదేళ్ల పిల్ల ఆమె కూతురు. పిల్లలంతా అతన్ని హారన్ మామయ్య అంటారు. ఒక్కో పిల్ల ఇంటి ముందు ఒక్కో రకంగా హారన్ కొట్టి పిలుస్తాడని ఆ పేరు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె తన గురువుగారికి ఫోన్ చేసింది. కాలేజీలో ఆమెకు ఈ విద్య నేర్పిన మేడమ్ ఆవిడ. రిటైరైనా చిక్కు వచ్చినప్పుడు శిష్యులు ఆవిడనే అడుగుతారు. పేర్లేవీ చెప్పకుండా సంగతంతా చెప్పింది.

“నీ పిల్ల ఆ బస్సులో లేకపోయినా చెప్పేదానివేనా?” అన్నారు మేడమ్.

“చెప్పేదాన్నే.” వెంటనే మళ్లీ, “చెప్పేదాన్నే అనుకుంటున్నాను,” అంది.

“పిల్ల ఉందని తొందరపడుతున్నావా, పిల్ల ఉందని వెనకాడుతున్నావా?”

“పొద్దున ఒకలా ఉంది మేడమ్. ఇప్పుడు ఇంకోలా ఉంది.”

“అసలు ఆ మనిషిని నువ్వు తీసుకోవాల్సింది కాదు.”

“మా చర్చిలో కౌన్సెలర్ని నేనొక్కదాన్నే. నేను కాదంటే అతను ఇంకెవరి దగ్గరికీ వెళ్లడు.”

“ఈ మాట నేనూ చాలాసార్లు అనుకున్నానమ్మా,” అన్నారు మేడమ్. గొంతులో కోపం లేదు. “సరే. ఏం చేసినా అతనికి ముందు చెప్పి చెయ్యి. చాటుగా చెయ్యకు. ఇంకోటి, ఆ గదిలో ప్రార్థన చేస్తావా?”

“అడిగినవాళ్లతో చేస్తాను.”

“అప్పుడు వాళ్ల కళ్లకి నువ్వెవరివి? కౌన్సెలరువా, సంఘంలో సహోదరివా?”

ఆమె ఆ ప్రశ్నను ఎదుట ఉన్న కాగితం మీద రాసుకుంది.

నాలుగింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒకరివి కాదు, ఇద్దరివి. తలుపు తీస్తే డ్రైవరు, అతని వెనక ఆయాసపడుతూ పాస్టర్‌గారు.

“నేనే రమ్మన్నానక్కా,” అన్నాడు డ్రైవరు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జుట్టు తడిపి దువ్వాడు. “ఏదున్నా అయ్యగారి ముందే మాట్లాడుకుందాం.”

“ఆయనుంటే ఇక్కడి మాటలన్నీ ఆయన కూడా వింటారు. మీకు ఇష్టమేనా?”

“ఇష్టమే.”

ఆమె ఆ మాట ఒక కాగితం మీద రాసి, తారీఖు వేసి, అతని చేత సంతకం పెట్టించింది. పాస్టర్‌గారు నవ్వారు. “నేను వినడానికి కూడా కాగితమేనా తల్లీ?”

ఆ గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. మూడోది లేక, పక్కనున్న సండేస్కూలు సామాన్ల గదిలోంచి ఆయనే ఒక చిన్నపిల్లల కుర్చీ తెచ్చుకున్నారు. పసుపు రంగు కుర్చీ. అందులో కూర్చుంటే ఆయన మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. ఇంకెప్పుడైనా అయితే ముగ్గురూ నవ్వుకునేవాళ్లే. ఆమె తండ్రి పోయినప్పుడు మూడు రోజులు వాళ్లింటి నుంచి కదలకుండా ఉన్న మనిషి ఆయన. ప్రార్థన ఉండగా కౌన్సెలింగ్ ఎందుకని పెద్దలంతా పెదవి విరిస్తే, వాళ్లతో వాదించి ఈ గది తెరిపించినవాడూ ఆయనే.

“డాక్టరు దగ్గరికి వెళ్లారా?” అని అడిగింది కౌన్సెలర్.

“లేదక్కా.”

“ప్రిన్సిపాల్‌గారికి చెప్పారా?”

“చెప్పలేదు. చెప్పను కూడా.” ఆ మాట గోడకేసి చూస్తూ అన్నాడు. “రోగముందని చెబితే, దేవుడు చేసింది అబద్ధమని నా నోటితో నేనే చెప్పినట్టు. చర్చిలో అంతమంది ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను కదా.”

“అంతమంది ముందు చెప్పారు కాబట్టి వెనక్కి తీసుకోలేకపోతున్నారా?”

“అది కాదు.” చొక్కా చేతులు సర్దుకున్నాడు. “అది కూడా అనుకోండి.”

పాస్టర్‌గారు కల్పించుకున్నారు. “అమ్మా, వీడు నిన్న నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. నువ్వేదో గడువు పెట్టావట. నాకో సంగతి ముందే చెప్పనీ. మందులు మానమని నేను ఎవరితోనూ ఏనాడూ అనలేదు. నమ్మమన్నాను. అంతే.”

“మీరనలేదయ్యగారూ,” అన్నాడు డ్రైవరు. “అక్క అంది.”

కింద హాల్లో ఎవరో బెంచీలు జరుపుతున్నారు.

“నేనా?” అంది ఆమె.

“మీరే. కూడికలైన వారం. ఇదే కుర్చీలో కూర్చుని అడిగాను. స్వస్థత వచ్చాక కూడా మాత్ర వేసుకుంటే అది అవిశ్వాసమా అని. మీరు నాకేసి చాలాసేపు చూశారు. చూసి, ‘సమాధానం మీలోనే ఉంది, దాని మాట వినండి’ అన్నారు. ఇంటికెళ్లి మోకరించాను. మాత్రలు చేతిలోకి తీసుకుంటే గుండె దడ. అవతల పెడితే సమాధానం. ఎంత సమాధానమంటే, చిన్నప్పుడు జ్వరం దిగిపోయిన పొద్దున ఒళ్లు ఎంత తేలిగ్గా ఉంటుంది, అలా. మీరు వినమన్నారు. విన్నాను.”

ఆమె లేచి బీరువా తాళం తీసింది. అతని ఫైలు తెచ్చి ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిప్పింది. తొమ్మిదో వారం పేజీ. తన చేతిరాతే. ‘నరాల మాత్రల గురించి అడిగాడు. సమాధానం అతనిలోనే ఉందని చెప్పాను. నిర్ణయం అతనికే వదిలాను. చివర ప్రార్థన.’

ఆ వాక్యం ఆమె ఈ గదిలో ఎంతమందితో అన్నదో. జవాబు పైనుంచి ఇవ్వకూడదు, వచ్చినవాళ్లు తమలోనే వెతుక్కునేలా చెయ్యాలి అని చదువులో నేర్పారు. అందుకని అనేది. కానీ చర్చిలో పుట్టి పెరిగిన మనిషికి సమాధానమంటే జవాబు కాదు. దేవుడు మనసులో పెట్టే శాంతి. ఈ సంగతి తెలియకపోవడానికి ఆమె ఎక్కడో పుట్టి రాలేదు. ఆమె కూడా ఆ బెంచీల మీద పాకిన పిల్లే. ఆరోజు ఆ మాట అంటున్నప్పుడు తన మనసులో ఉన్నది ఏ అర్థం? ఇప్పుడు ఎంత ఆలోచించినా తేలలేదు. జవాబు అనే అయ్యుండాలి. కచ్చితంగా అదేనా?

ఇంకోటి కూడా కనిపించింది. ‘నరాల మాత్రలు’ అని అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. దేనికి వేసుకునే మాత్రలని అడగలేదు. బస్సు నడిపే మనిషని తెలిసీ అడగలేదు. డాక్టర్ని కనుక్కోమని ఒక్క ముక్క అంటే సరిపోయేది.

“మీరు ఫిట్సని చెప్పలేదు,” అంది. తన గొంతు తనకే సంజాయిషీలా వినిపించింది.

“చెప్పలేదు. నిజమే. భయపడ్డాను.” అతను ముందుకు వంగాడు. “మీరూ అడగలేదక్కా.”

“అడగలేదు,” అని ఒప్పుకుంది.

“ఆరోజు చివర్లో ప్రార్థన నేనే చేశాను. ప్రభువా, నాకిచ్చిన ఈ స్వస్థతను నిలబెట్టు అన్నాను. మీరూ ఆమేన్ అన్నారు. మెల్లిగా కూడా కాదు, గట్టిగానే అన్నారు. నమ్మకుండానే అన్నారా?”

“నమ్మే అన్నాను.”

“మరి ఇప్పుడేంటి?”

ఏ మాట మొదలుపెట్టినా సగం అబద్ధమయ్యేలా ఉంది. అతని నరాల బలహీనతేదో తగ్గాలని అన్న ఆమేన్ అది. పిల్లల్ని ఎక్కించుకుని బస్సు తోలమని అన్నది కాదు. అలాగని ఇప్పుడు చెబితే, పెద్ద రోగానికి ఒక ఆమేన్, చిన్న రోగానికి ఒక ఆమేన్ ఉంటుందా అని అడుగుతాడు. అడిగితే తన దగ్గర ఏముంది?

“నిన్ను సూటిగా అడుగుతానమ్మా,” అన్నారు పాస్టర్‌గారు. “స్వస్థత మీద నీకు నమ్మకముందా, లేదా?”

“ఉందయ్యగారూ.”

“అయితే మరి?”

“మాత్రల మీద కూడా ఉంది.”

డ్రైవరు పాస్టర్‌గారి వైపు తిరిగాడు. ఆ ప్రశ్న అతనికి అప్పుడే, అక్కడే తోచినట్టుంది. “అయ్యగారూ, మీరేమైనా మాత్రలు వేసుకుంటారా?”

పసుపు కుర్చీ కిర్రుమంది. “షుగరుకి,” అన్నారాయన. “పొద్దునొకటి, రాత్రొకటి.”

“ఎన్నేళ్ల నుంచి?”

“పదేళ్లు దాటింది.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదే.”

“నువ్వు అడగలేదు నాయనా. నేను నమ్మమని చెప్పినప్పుడు, నువ్వు మాత్రలు కూడా…” చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చున్నారు. అంతకుముందెప్పుడూ ఆమె ఆయన్ని మాట దొరక్క ఆగడం చూడలేదు.

“అక్కేమో నేను చెప్పలేదంటుంది. మీరేమో నేను అడగలేదంటారు.” డ్రైవరు నవ్వాడు గానీ ఆ నవ్వు ముఖంలో ఎక్కువసేపు నిలవలేదు. “సరే, ఇప్పుడు అడుగుతున్నాను. ఆరోజు అయ్యగారు చేతులుంచినప్పుడు నడినెత్తి నుంచి వీపు దాకా వెచ్చగా దిగింది. నేను కల్పించుకున్నది కాదు. మా ఆవిడ పక్కనే ఉంది, నా చెయ్యి పట్టుకుని ఇంత వేడేంటని భయపడింది. అది ఏంటి? దేవుడైతే నేను షెడ్డులో ఎందుకు పడ్డాను? దేవుడు కాకపోతే నేను ఏడ్చింది దేన్ని చూసి?”

పాస్టర్‌గారు ఆమె వైపు చూశారు. ఆమె పాస్టర్‌గారి వైపు చూసింది. ఇద్దరిలో ఎవరో ఒకరికి తెలుస్తుందన్నట్టు డ్రైవరు ఇద్దరి వైపూ చూశాడు.

“నాకు తెలీదు,” అంది చివరికి కౌన్సెలర్. ఆ గదిలో పనిచేస్తున్న ఆరేళ్లలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. “అది ఏంటో నాకు తెలీదు. దేవుడు కాదని నేను అనలేను. కానీ నాలుక తెగింది, అది మాత్రం నాకు తెలుసు. ఆ పని బస్సు రోడ్డు మీద ఉన్నప్పుడు జరిగితే ఏమవుతుందో మీకూ తెలుసు.”

అతను తల దించుకున్నాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తలెత్తినప్పుడు గొంతు మారింది.

“నేనొకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. రేపు పొద్దున నేను మీ వీధిలోకి వచ్చి హారన్ కొడితే, చిన్నదాన్ని ఎక్కిస్తారా?”

ఆమె పెదవులు కదల్లేదు.

“పోనీ నేను డాక్టరు దగ్గరికి వెళ్లి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, ఎవరికీ చెప్పకుండా వచ్చి హారన్ కొడితే? అప్పుడు ఎక్కిస్తారా?”

దానికీ ఆమె ఏమీ అనలేదు. అతను తల ఊపాడు. “చాలక్కా. నాకు కావాల్సింది దొరికింది.”

అతను లేచాడు. ఆమె కూడా లేచింది. మేడమ్ చెప్పినట్టు, ముఖం మీదే చెప్పాలి. “రేపు పొద్దున ఆరుంపావుకి నేను ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేస్తాను. బస్సు షెడ్డు దాటకముందే. అంతకన్నా ముందు మీరే వెళ్లి చెబితే నేను చెయ్యను. మీ వెంట నన్ను రమ్మంటే ఇప్పుడే వస్తాను. డాక్టరు దగ్గరికైనా సరే.”

“మీరు చెప్పదలుచుకుంటే చెప్పండి.” గుమ్మం దగ్గర ఆగాడు. “చెప్పేటప్పుడు, మాత్రలు ఎందుకు మానేశానో అది కూడా చెప్పండి.”

మెట్ల మీద అతని అడుగులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

పాస్టర్‌గారు మాత్రం కదల్లేదు. “ఆదివారం దాకా ఆగమ్మా,” అన్నారు. “నేను వాణ్ని కూర్చోబెట్టి మాట్లాడతాను. షుగరు మాత్ర సంగతి ఆదివారం అందరి ముందూ నేనే చెబుతాను. వాడికి దారి దొరుకుతుంది. శనివారం సెలవు, మధ్యలో బడి ఉన్నది ఒక్క రోజేగా.”

“ఆ ఒక్క రోజులో బస్సు రెండుసార్లు తిరుగుతుందయ్యగారూ. ముప్పైమంది పిల్లలు.”

ఆయన కళ్లు మూసుకున్నారు. ప్రార్థిస్తున్నారో, అలసిపోయారో తెలియలేదు. లేచి వెళ్లబోతూ, ఆమె చేతిలోని ఫైలు చూసి, “ఆ పేజీ ఉండాల్సిన అవసరముందా తల్లీ?” అన్నారు మెల్లిగా. “రేపు ఎవరైనా వచ్చి అడిగితే నీ బతుకే పోతుంది.”

ఆయన ఆ మాట తన కోసం అన్నారా, చర్చి కోసం అన్నారా? అడగలేకపోయింది. ఆయన వెళ్లాక ఆ పేజీ మూల వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు కూర్చుంది. లాగితే వచ్చేస్తుంది. దారంతో కుట్టింది కాదు, చిల్లులు పెట్టి తగిలించిన కాగితం. లాగాలని లేదు. లాగకూడదని కూడా గట్టిగా అనిపించకపోవడం చూసి భయం వేసింది. ఫైలు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుని, సరిగ్గా పడిందో లేదోనని మెట్ల మీద రెండుసార్లు తడుముకుంది.

ఇంట్లో చిన్నది బడి సంచీ సర్దుకుంటోంది. సెలవుల్లో గీసిన బొమ్మ ఒకటి పైన పెట్టుకుంది. అది హారన్ మామయ్యకి ఇవ్వడానికట. భర్త కళ్లజోళ్ల దుకాణం మూసి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు.

“రేపు చిన్నదాన్ని మీరు దింపగలరా?” అంది.

“బస్సుందిగా?”

“ఉంది. రేపొక్కరోజు మీరు దింపండి.”

“దుకాణం తియ్యాలి నేను. ఎందుకో చెప్పు.”

“అడక్కండి.”

అతను తువ్వాలు పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. పెళ్లయిన పదేళ్లలో ఆమె ‘అడక్కండి’ అన్నప్పుడల్లా అతను అడగలేదు. గది సంగతులు ఇంటికి రావని అతనికి తెలుసు. ఈసారి మాత్రం ఆ రెండు మాటలూ అతనిలో ఎక్కడో కలుసుకోవడం ఆమెకు కనిపించింది. బస్సు. అడక్కండి. “అలాగే,” అన్నాడు నెమ్మదిగా. “దింపుతాను.” తర్వాత గొంతు తగ్గించి, “ఎదురింటి పిల్లాడు కూడా ఆ బస్సేగా ఎక్కేది,” అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలు అటూ ఇటూ జరిపింది. ఎవరికీ ఏమీ చెప్పకముందే తన పిల్లను తను పక్కకు తీసేసుకుంది. చెప్పకూడని మాట ఒక్కటీ చెప్పలేదు. అయినా భర్తకు తెలిసిపోయింది. ఇది ఏ నియమానికి లోబడిందో, ఏ నియమాన్ని మీరిందో ఆమెకే అర్థం కాలేదు. ప్రార్థన చేద్దామని కూర్చుంటే, ఏం అడగాలో తోచక లేచిపోయింది.

పొద్దున ఆరింటికే ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. డ్రైవరు ఫోన్ చేస్తాడేమోనని చూసింది. తనే చేసింది. మోగింది గానీ ఎవరూ తీయలేదు. మళ్లీ చేసింది. తీయలేదు. ఆరుంపావు అయింది. బడి ఆవరణలోనే కాపురముండే ప్రిన్సిపాల్ రెండో రింగుకే తీశారు.

ఆమె రాత్రంతా కూడబలుక్కున్నది రెండే వాక్యాలు. ఇవాళ ఆ బస్సు అతని చేత నడిపించకండి. కారణం అతనే చెబుతాడు. కానీ ప్రిన్సిపాల్ “చెప్పండి మేడమ్” అనగానే ఆ రెండు వాక్యాలూ ఎటు పోయాయో పోయాయి. ఫిట్స్, పదకొండేళ్లు, మాత్రలు, రెండు నెలలు, షెడ్డు. ఊపిరి తీసుకోకుండా అన్నీ చెప్పేసింది. అతను అడిగినట్టే, ఎందుకు మానేశాడో అది కూడా చెప్పింది. తనేమన్నదీ చెప్పింది. ఆ చివరి ముక్క చెప్పినప్పుడు మాత్రమే గుండె కాస్త తేలికపడింది. తేలికపడినందుకే అనుమానమొచ్చింది, మిగతాదంతా దీనికోసమే చెప్పిందా అని.



“మేడమ్,” అన్నారు ప్రిన్సిపాల్, “ఆయన ఐదున్నరకే మా ఇంటికొచ్చారు. తాళాలు ఇచ్చేశారు. ఒక కాగితం రాసిచ్చారు. ఇంటి కారణాల వల్ల నడపలేను, ఇవాళ్టి నుంచే మానేస్తున్నాను అని. అంతే ఉంది అందులో. నేను ఇంకో డ్రైవర్ని పిలిపించుకున్నాను కూడా.”

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. “ఇంటి కారణాలని రాశారా?”

“అవును. ఫిట్స్ సంగతి నాకు ఇప్పుడే, మీరు చెబితేనే తెలిసింది.”

“అయితే దయచేసి… ఇప్పుడు నేను చెప్పింది మీ దగ్గరే ఉంచండి. ప్రమాదం ఏమీ లేదుగా ఇంక. అతను బస్సు దిగిపోయాడు. నేను చెప్పాల్సిన అవసరమే లేదు.”

“కానీ చెప్పేశారుగా మేడమ్,” అన్నారాయన. కఠినంగా కాదు, ఆయనకూ ఏం చెయ్యాలో తెలియనట్టే అన్నారు. “సెలవులిచ్చేదాకా ఆ మనిషి మాత్రల్లేకుండానే మా పిల్లల్ని తిప్పాడు. తెలిశాక ఎలా ఊరుకోను? తల్లిదండ్రులకి నేనేం చెప్పాలి? మీరూ ఒక తల్లేగా.”

ఫోన్ పెట్టేశాక ఆమె అక్కడే నిలబడిపోయింది. ఐదున్నరకీ ఆరుంపావుకీ మధ్య నలభై ఐదు నిమిషాలు. అతను తనంతట తనే, తన రోగం తనలోనే దాచుకుని, పిల్లల్ని కాపాడి వెళ్లిపోయాడు. ఆ దాచుకున్నదాన్ని ఆ తర్వాత తను వెళ్లి బయటపెట్టింది. పొద్దున లేవగానే చేసిన ఒక్క ఫోన్‌తో తను సరైన పని చేసిందా, తప్పు చేసిందా? ఐదున్నరకు ముందయితే సరైనది. ఆరుంపావుకైతే? తెలియక చేసిందే కదా. అతనూ తెలియకే మాత్రలు మానేశాడు.

గేటు చప్పుడైంది. డ్రైవరు భార్య. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. పరుగున వచ్చినట్టుంది, చెప్పులు కూడా లేవు.

“అక్కా, ఆయనున్నారా లోపల?”

“ఇక్కడా? లేరే.”

“ఐదింటికి బయల్దేరారక్కా. తాళాలిచ్చేసి, అక్క దగ్గరికెళ్లి ఒక మాట చెప్పి ఆరుకల్లా వచ్చేస్తానన్నారు. ఫోన్ సైలెంటులో పెట్టి ఇంట్లోనే వదిలేశారు. బడి నుంచి ఇక్కడికి పది నిమిషాలు కూడా పట్టదు.” ఆమె లోపలికి తొంగిచూసింది, కౌన్సెలర్ మాట నమ్మనట్టు. “నిన్న సాయంత్రం ఇంటికొచ్చి చాలా బాగా మాట్లాడారక్కా. ఇన్నాళ్లకి నాకు తెలిసొచ్చింది, మళ్లీ మాత్రలు మొదలుపెడతానన్నారు. రెండు నెలలవి వేసుకోకుండా పోయాయి కదా, అన్నీ కలిపి వేసుకుంటే సరిపోతుందా అని అడిగారు. ఎగతాళికనుకుని నవ్వాను.”

“ఆయన ఎన్ని వేసుకున్నారు?”

డ్రైవరు భార్య బిగించిన పిడికిలి విప్పింది. అరచేతిలో నలిగిన మాత్రల పట్టీ ఒకటి ఉంది. గుంటలన్నీ పగిలి, వెండి రేకు చిరిగి, ఖాళీగా ఉంది.

“ఇది చెత్తబుట్టలో దొరికింది,” అంది. “నిన్న కొన్నదే అక్కా. సాయంత్రం నేను చూసినప్పుడు నిండా ఉంది.”